అంబేద్కర్ ఏ చాప్టర్‌లో ఉండాలి?

పోయిన సెమిస్టర్ చివర్లో మా రాజనీతిశాస్త్ర విభాగంలో నా రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ సమావేశం జరిగింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు సెమిస్టర్‌కు ఒకసారి ఆ కమిటీ ముందు నిలబడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవాలి. నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. పన్నెండు నిమిషాలు నేను మాట్లాడాను. మిగిలిన ఎనిమిది నిమిషాలూ ఒకే విషయం మీద నడిచాయి. రెండో చాప్టర్‌లో ఉన్న అంబేద్కర్‌ను మొదటి చాప్టర్‌కు మార్చాలి.

బయటివాళ్లకు ఇది పేజీల సర్దుబాటులా కనిపిస్తుంది. థీసిస్ రాసేవాళ్లకు దీని సంగతి తెలుసు. మొదటి చాప్టర్ నేపథ్యం, రెండోది సిద్ధాంత చట్రం. మొదటి చాప్టర్‌లో ఉన్నవాళ్ల గురించి మనం రాస్తాం. రెండో చాప్టర్‌లో ఉన్నవాళ్ల సాయంతో మిగతా థీసిస్ అంతా ఆలోచిస్తాం. మొదటి చాప్టర్‌కు వెళ్లిన మనిషి గౌరవంగా ఫోటో ఫ్రేములో కూర్చుంటాడు, ఆ తర్వాత మూడు వందల పేజీల్లో ఆయనతో పని ఉండదు.

కమిటీలో ఒకరు చాలా మర్యాదగానే చెప్పారు. "అంబేద్కర్ ముఖ్యుడు కాదని ఎవరంటారమ్మా? కానీ థియరీకి వెబర్‌ను తీసుకో, కావాలంటే ఫూకోను తీసుకో. అంబేద్కర్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టు." ఇంకొకరు అడిగారు: "నువ్వు కూడా ఆ కమ్యూనిటీ నుంచే వచ్చావు కదా, ఆబ్జెక్టివిటీ సంగతి ఏం చేస్తున్నావు?" జవాబు చెప్పేలోపు తర్వాతి స్కాలర్‌ను పిలిచారు. ఈ ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. అందులో ఒకరు లైబ్రరీలో దొరకని పుస్తకాలు సొంత అల్మారా నుంచి తీసి ఇచ్చిన మనిషి. నన్ను ఎవరూ అవమానించలేదు. అందుకే దీని గురించి రాయాలనిపించింది. తిట్టినవాడి మీద ఫిర్యాదు చేయొచ్చు. ఇది ఏ ఫిర్యాదుల విభాగానికీ అందని వ్యవహారం.

నా పరిశోధన చుండూరు ప్రత్యేక కోర్టు మీద. ఇప్పుడు ఎం.ఎ. చదువుతున్నవాళ్లు 2000 తర్వాత పుట్టినవాళ్లు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో, పోలీసు పికెట్ ఉండగానే, పట్టపగలు 8 మంది దళితులను చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చనిపోయినవాళ్లను ఊరి మధ్యనే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు ఆ ఊరి దళితులు. ఆ తర్వాత వాళ్లు పట్టుబట్టి సాధించుకున్నది, విచారణ తమ ఊళ్లోనే జరగాలన్న డిమాండు. 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరం జరిగిన చోటే ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. పదహారేళ్లకు, 2007 జులై 31న, ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

నేను అడుగుతున్న ప్రశ్న ఏమిటంటే, రాజ్యం ఊళ్లోకి నడిచి వచ్చి న్యాయపీఠం వేసుకుని కూర్చున్నప్పుడు ఏం మారింది, ఏం మారలేదు? ఇది రాజనీతిశాస్త్రంలో మొదటి సెమిస్టర్ ప్రశ్న. రాజ్యం అంటే ఏమిటి అన్న ప్రశ్నే.

దీనికి వెబర్ పనికిరాడని నేను అనలేదు. ఒక భూభాగంలో చట్టబద్ధమైన బలప్రయోగం మీద గుత్తాధిపత్యం కలిగినదే రాజ్యం అని ఆయన చెప్పిన నిర్వచనం నా డ్రాఫ్టులో ఉంది. కానీ చుండూరులో పోలీసు పికెట్ ఉంది, తుపాకులు ఉన్నాయి, గుత్తాధిపత్యం మాత్రం లేదు. ఎవరిని కొట్టొచ్చు, ఎవరిని తరమొచ్చు అన్న అనుమతి వేరే చోటి నుంచి వచ్చింది. ఆ వేరే చోటు పేరు కులం. ఒక మెట్టు మీదివాడికి తన కింద ఇంకొకడు ఉన్నాడు కాబట్టి, మెట్లన్నీ కలిసి నిచ్చెనను ఎందుకు పడేయవో అంబేద్కర్ చెప్పాడు. నిచ్చెనమెట్ల అసమానత అన్న ఆ భావన లేకుండా, ఒక ఊళ్లో సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు, ఎవరు నోరు మూసుకుంటారు అన్నది నేను వివరించలేను. ప్రయత్నించాను కూడా. మొదటి ఏడాది రాసిన డ్రాఫ్టులో ఫూకో నిండా ఉన్నాడు. నా గైడ్ మేడమ్ చదివి, "ఇందులో ఊరు ఎక్కడుంది?" అని అడిగారు.

వెబర్ ఆ నిర్వచనం ఎక్కడ ఇచ్చాడో గుర్తు చేసుకుంటే నాకు నవ్వొస్తుంది. 1919 జనవరిలో మ్యూనిక్‌లో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగంలో ఇచ్చాడు. జర్మనీ యుద్ధంలో ఓడిపోయి, చక్రవర్తి దిగిపోయి, బయట వీధుల్లో విప్లవం నడుస్తున్న రోజులవి. తన దేశం కాలిపోతుంటే తన దేశం గురించే మాట్లాడిన జర్మన్ అతను. వెబర్‌ను చదివించేటప్పుడు, ఆ కమ్యూనిటీ నుంచే వచ్చాడు కదా, ఆబ్జెక్టివిటీ ఏమైంది అని ఏ క్లాసులోనూ అడగగా నేను వినలేదు.

దానికి మూడేళ్ల ముందు, 1916 మే 9న, న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నడిపే ఆంత్రపాలజీ సెమినార్‌లో పాతికేళ్ల రిసెర్చ్ స్కాలర్ ఒకడు పేపర్ చదివాడు. భారతదేశంలో కులాలు, వాటి నిర్మాణం, పుట్టుక, వికాసం అన్నది విషయం. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్‌లను ఒక్కొక్కరినే తీసుకుని, మీ నిర్వచనాలు ఎక్కడ సరిపోవో చూడండి అని చెప్పిన పేపర్ అది. కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి అని, ఆ కట్టు నిలబడాలంటే మిగిలిపోయిన స్త్రీని, మిగిలిపోయిన పురుషుణ్ణి ఏదో ఒకటి చేయాలని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం అందుకే పుట్టాయని వాదించాడు. ఒక గుంపు తలుపులు మూసుకుంటే మిగతా గుంపులు ఎందుకు అనుకరిస్తాయో చెప్పడానికి ఫ్రెంచి ఆలోచనాపరుడు టార్డ్‌ను వాడుకున్నాడు. 1917లో అది ఇండియన్ ఆంటిక్వరీలో అచ్చయింది. నిర్వచనం, పూర్వ వాదాల విమర్శ, కార్యకారణ సంబంధం, సాధారణీకరణ. థియరీకి ఇంకేం కావాలి? వందేళ్లు దాటాక కూడా అది "బ్యాక్‌గ్రౌండ్" ఎలా అయింది?

ఎలా అయిందో క్లాసురూములో చూడొచ్చు. నేను ఎం.ఎ. చదివినప్పుడు పాశ్చాత్య రాజకీయ చింతన ఒక పూర్తి పేపర్. ప్లేటో గుహ దగ్గర మూడు వారాలు ఉన్నాం. స్వేచ్ఛ గురించి పాఠానికి నాలుగు క్లాసులు పట్టింది. బెర్లిన్ 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం చుట్టూనే నడిచింది. ఆపేవాడు లేకపోవడం ఒక స్వేచ్ఛ, తన మీద తనకు అధికారం ఉండటం ఇంకో స్వేచ్ఛ. మా సార్ చాలా బాగా చెప్పారు, నాకు ఆ నోట్సు ఇప్పటికీ ఉంది. ఆ నాలుగు క్లాసుల్లోనూ వెట్టి అన్న మాట రాలేదు. రెండు గ్లాసుల టీ కొట్టు రాలేదు. భారతీయ రాజకీయ చింతన పేపర్‌లో అంబేద్కర్ చివరి యూనిట్. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాక రెండు క్లాసుల్లో అయిపోయాడు. ఒకటి రాజ్యాంగ నిర్మాత, రెండోది గాంధీతో విభేదాలు. సిలబస్‌లో చేర్చారా అంటే చేర్చారు. పరీక్షలో ప్రశ్న వచ్చిందా అంటే పది మార్కులకు వచ్చింది.

యూజీసీ నెట్ రాజనీతిశాస్త్రం సిలబస్ తెరిచి చూడండి, పరీక్ష రాసినవాళ్లందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. మొదటి యూనిట్ రాజకీయ సిద్ధాంతం. రెండోది రాజకీయ చింతన. ప్లేటో, హాబ్స్, మార్క్స్, రాల్స్ ఉంటారు. కన్ఫ్యూషియస్, ఫ్రాంజ్ ఫానన్, మావో కూడా ఉన్నారు. మూడోది భారతీయ రాజకీయ చింతన. అంబేద్కర్, పెరియార్, పండిత రమాబాయి ఇక్కడ. రెండో యూనిట్‌కు విశేషణం లేదు, మూడోదానికి ఉంది. ఫానన్ మార్టినిక్‌లో పుట్టి అల్జీరియా గురించి రాసినా ప్రపంచానికంతటికీ ఆలోచనాపరుడయ్యాడు, సంతోషం. కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్లు తీసుకుని, ఫ్రెంచి, జర్మన్, ఆంగ్ల వాదాలతో తలపడిన మనిషి మాత్రం భారతీయ యూనిట్‌లోనే ఉండిపోయాడు. ఈ యూనిట్లు చదివి నెట్ పాసైనవాళ్లే రేపు లెక్చరర్లు, ఎల్లుండి నా లాంటివాళ్ల కమిటీల్లో సభ్యులు. వాళ్లకు అంబేద్కర్ మొదటి చాప్టర్‌లోనే కనిపిస్తాడంటే అందులో వింతేమీ లేదు.

చేర్చినవి కూడా నిలుస్తాయన్న భరోసా లేదు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించిన కంచ ఐలయ్య పుస్తకాలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఎం.ఎ. సిలబస్‌లో ఉండేవి. బుద్ధుణ్ణి రాజకీయ తత్వవేత్తగా చదివిన పుస్తకం కూడా అందులో ఒకటి. వాటిని తీసేయాలని 2018 అక్టోబరులో అక్కడి స్టాండింగ్ కమిటీ ప్రతిపాదించింది.

భాష సంగతి చెప్పకపోతే నా కథ సగమే అవుతుంది. డిగ్రీ వరకు నాది తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాలే మా ప్రపంచం. సార్వభౌమాధికారం, అధికార వికేంద్రీకరణ, ఆధిపత్యం ఇవన్నీ నాకు తెలుసు. ఎం.ఎ.లో చేరాక మొదటి సెమిస్టర్ అంతా నోరు తెరవలేదు. గ్రాంసీ పాఠంలో సార్ "హెజిమొనీ" అంటే ఏమిటని అడిగితే తల దించుకున్నాను. రూముకొచ్చి డిక్షనరీ చూస్తే, ఇది మా పేటలో రోజూ చూసే వ్యవహారమే కదా అనిపించింది. మనల్ని కొట్టకుండానే మన చేత తల ఊపించుకోవడం గురించి నేను ఆ రోజు అరగంట మాట్లాడగలిగేదాన్ని. ఆ క్లాసులో మౌనంగా ఉన్నవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో లెక్క తీస్తే రిజర్వేషన్ రోస్టర్‌తో దాదాపు సరిపోయేది.

పీహెచ్‌డీలో అదే సమస్య ఇంకో వేషంలో వచ్చింది. బొజ్జా తారకం కులం, వర్గం మీద తెలుగులో రాసిన పుస్తకం, చుండూరు రోజుల్లో వచ్చిన నలుపు పత్రిక సంచికలు, దళిత మహాసభ కరపత్రాలు నా లిటరేచర్ రివ్యూలో పెట్టాను. ఇవి "యాక్టివిస్ట్ మెటీరియల్", ప్రైమరీ సోర్సుల్లోకి మార్చమన్నారు. తారకం గారు కులానికీ ఉత్పత్తి సంబంధాలకీ ఉన్న లంకె గురించి వాదన చేస్తే అది నాకు దొరికిన ముడిసరుకు. అదే వాదన ముప్పై ఏళ్ల తర్వాత ఒక విదేశీ జర్నల్‌లో ఇంగ్లీషులో వస్తే అది లిటరేచర్. మన ఆలోచనాపరులను మనమే తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లా చూడాలన్నమాట.

గోపాల్ గురు 2002 డిసెంబరులో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం సరిగ్గా దీని గురించే. సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, వివరాలు సేకరించే శూద్రులు అన్న విభజన మన సామాజిక శాస్త్రాల్లో ఉందని ఆయన రాశారు. ఆయన రాజనీతిశాస్త్ర ఆచార్యుడే. ఆ వ్యాసం కోర్సు వర్క్‌లో మాకు చదవమని ఇచ్చారు. అందరం మెచ్చుకున్నాం. సెమినార్ పేపర్లు రాశాం, ఏ గ్రేడులు వచ్చాయి. అదే సెమిస్టర్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ ప్రాజెక్టుకు నన్ను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తీసుకున్నారు. మండు వేసవిలో ఆరు వారాలు పేటల్లో తిరిగాను, అరవైకి పైగా ఇంటర్వ్యూలు తీసుకుని తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చాను. ఒక చోట నేను సంధించిన ప్రశ్న వల్లే జవాబు మలుపు తిరిగింది, అది ఆ పేపర్‌లో ముఖ్యమైన వాదన అయింది. నా పేరు అడుగున కృతజ్ఞతల్లో వచ్చింది. డబ్బులు ఇచ్చారు, నాకు అవసరం కూడా. గోపాల్ గురు వ్యాసం ఆ పేపర్ రిఫరెన్సుల్లో ఉంది!

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. సిద్ధాంతం చేయడానికి తీరిక కావాలి. ఒక్క పేరా గురించి మూడు వారాలు ఆలోచించే స్థోమత కావాలి. ఫెలోషిప్ ఐదేళ్లకు ఇస్తారు, థీసిస్‌కు గడువు ఆరేళ్లు. ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చట, ఫెలోషిప్ మాత్రం దానితో పాటు సాగదు. ఆ ఐదేళ్లలో కూడా నెలల తరబడి డబ్బు పడదు. ఒకేసారి పడితే సగం మెస్ బాకీలకు పోతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయే నాటికి ఏడు నెలల ఫెలోషిప్ బాకీ ఉంది. లక్షా డెబ్భై ఐదు వేలు. దాన్ని మనం అన్యాయంగా చెప్పుకుంటాం, సరే. దాన్ని జ్ఞానోత్పత్తి సమస్యగా కూడా చూడాలి. డబ్బు ఆగినప్పుడు స్కాలర్ ఏం చేస్తారు? ఎవరి ప్రాజెక్టులోనో డేటా పనికి వెళ్తారు. థియరీ చాప్టర్ వాయిదా పడుతుంది. చివరికి గడువు తరుముకొస్తుంటే ఎవరూ ప్రశ్నించని వెబర్‌ను నాలుగు పేజీలు పెట్టి సబ్మిట్ చేస్తారు. శోధ్‌గంగలో మనవాళ్ల థీసిస్‌లు తెరిస్తే రెండో చాప్టర్ ఎంత పల్చగా ఉంటుందో, నాలుగో చాప్టర్‌లో పట్టికలు ఎంత దట్టంగా ఉంటాయో చూడొచ్చు. దానికి తెలివితేటలు కారణం కాదు.

పైనుంచి విధానాలు కూడా ఇటే తోస్తున్నాయి. ఎస్సీ విద్యార్థులను విదేశాలకు పంపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో 2022 ఫిబ్రవరిలో ఒక వాక్యం చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాల మీద పరిశోధనకు ఇక ఆ డబ్బు ఇవ్వరు. బరోడా మహారాజు 1913లో ఇదే నిబంధన పెట్టి ఉంటే కొలంబియాలో ఆ 1916 పేపర్ సంగతి ఏమయ్యేది? ఇక్కడ ఉంటే కులం గురించి ఆబ్జెక్టివిటీ లేదంటారు. బయటికి పోయి దూరం నుంచి చదువుతామంటే ఆ విషయానికి స్కాలర్‌షిప్ లేదంటారు.

ఇప్పుడు కమిటీ వైపు నుంచి కూడా ఆలోచించాలి. వాళ్ల అనుమానంలో కొంత నిజం ఉంది, దాన్ని మనం ఒప్పుకోవాలి. మన థీసిస్‌లలో చాలా వాటిలో అంబేద్కర్ ప్రతి చాప్టర్ మొదట్లో ఒక కొటేషన్‌గా వస్తాడు, చివర్లో ఇంకో కొటేషన్‌గా వస్తాడు. మధ్యలో ఆయనతో వాదన ఉండదు. దండ వేసి నమస్కారం పెట్టడం లాంటిదే అది. నేను కూడా చేశాను. సిద్ధాంత చట్రంలో ఎవరినైనా పెట్టడం అంటే మన ఆధారాలతో వాళ్లను పరీక్షకు పెట్టడం. మా ఇంట్లో గోడ మీద ఉన్న మనిషిని పరీక్షకు పెట్టాలంటే నాకు రెండేళ్లు పట్టింది.

నా ఫీల్డ్‌వర్క్ ఆ పరీక్ష పెట్టింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ భారతీయ గ్రామం మీద ఎంత కఠినంగా మాట్లాడాడో అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది వచ్చిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో, అంటరానివాళ్లకు వేరే గ్రామాలు ఏర్పాటు చేయాలని ప్రతిపాదించాడు. ఊరు మారదు, ఊరు వదలాలి అన్నది ఆయన తర్కం. మన తీరంలోనే ఆ తర్కానికి రెండు జవాబులు ఉన్నాయి. 1985 జులై 17 తర్వాత కారంచేడు దళితులు ఊరు వదిలి చీరాల వచ్చేశారు, అక్కడే స్థిరపడ్డారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. అది అంబేద్కర్ చెప్పిన దారి. ఆరేళ్ల తర్వాత చుండూరు దళితులు ఊరు వదలలేదు. శవాలను ఊరి నడుమ పూడ్చి, కోర్టునే ఊళ్లోకి రప్పించుకున్నారు. ఆయన ఊహించని దారి ఇది. గ్రామాన్ని చట్టం నిలబడే చోటుగా మార్చే ప్రయత్నం. ఆ కోర్టు శిక్ష వేసింది. ఆ శిక్షను కొట్టేసింది ఊరికి చాలా దూరంలో ఉన్న పై కోర్టు. గ్రామం చీకటి, పైనున్న రాజ్యం వెలుతురు అనుకుంటే ఈ కథ అర్థం కాదు. అంబేద్కర్‌ను ఇక్కడ కొంచెం సవరించాలని నా వాదన. అయితే ఆయన నిచ్చెనమెట్ల అసమానత కోర్టు మెట్లకు కూడా వర్తిస్తుందా అన్నది ఆయన నుంచే నేను తీసుకున్న ప్రశ్న.

ఆయనను మొదటి చాప్టర్‌లో పెడితే ఈ వాదన చేయడం కుదరదు. నేపథ్యంతో ఎవరూ విభేదించరు. దళిత స్కాలర్ అంబేద్కర్‌తో విభేదించే హక్కు కూడా ఆ రెండో చాప్టర్‌లోనే ఉంది. కమిటీకి ఈ ముక్క చెప్పే అవకాశం రాలేదు.

విభేదం అంటే గుర్తొచ్చింది. లండన్‌లో అంబేద్కర్ డి.ఎస్సీ. థీసిస్, రూపాయి సమస్య, మొదటిసారి ఒప్పుకోలేదు. సవరించి మళ్లీ ఇవ్వమన్నారు. ఆయన మళ్లీ రాసి ఇచ్చాడు, 1923లో డిగ్రీ వచ్చింది. పుస్తకానికి ముందుమాట రాసింది ఆయన ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్. ఈ పుస్తకంలో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయని ఆ ముందుమాటలోనే రాశాడాయన. తనకు నచ్చని వాదనకు తనే ముందుమాట రాసిన ఆ పెద్దమనిషి లాంటివాళ్లు నా కమిటీలో ఒక్కరున్నా చాలు. ఒప్పుకోకండి. నా వాదన తప్పని చెప్పండి, ఎక్కడ తప్పో కాగితం మీద రాసివ్వండి. చాప్టర్ మార్చమంటే మాత్రం నేను మీతో వాదించడానికే చోటు లేకుండా పోతుంది.

మన దేశంలో రాజకీయ సిద్ధాంతానికి చెందిన అతి ముఖ్యమైన ప్రసంగం అసలు జరగనే లేదు. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ప్రతి చదివి, కొన్ని భాగాలు తీసేయమంది. ఆయన తీయనన్నాడు. సభ రద్దయింది. కుల నిర్మూలన అన్న ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించుకున్నాడు. నన్ను ఆయనతో పోల్చుకోవడం లేదు, నా డ్రాఫ్టులో తీసేయాల్సిన పేరాలు చాలానే ఉన్నాయి. కానీ పిలిచి, మెచ్చుకుని, ఆ ఒక్క భాగం మాత్రం పక్కన పెట్టు అనే పద్ధతి ఎంత పాతదో చూడండి.

వైవా మార్కుల గురించి, గైడ్ దొరకకపోవడం గురించి మన పత్రికల్లో చాలా వచ్చింది, రావాలి కూడా. 2016 యూజీసీ నిబంధనలు ప్రవేశ పరీక్షను అర్హత వరకే పరిమితం చేసి సీటంతా వైవా చేతిలో పెట్టినప్పుడు విద్యార్థులు పోరాడారు. తర్వాత 70:30 అయింది. గేటు దగ్గర పోరాటం మనకు అలవాటే. గేటు దాటి లోపలికొచ్చాక, సెమినార్ గదిలో, ఇరవై నిమిషాల సమావేశంలో, సిలబస్ యూనిట్ల పేర్లలో జరిగేదాని మీద మన విద్యార్థి సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడాలి. రాజకీయ సిద్ధాంతం పేపర్‌లో న్యాయం అన్న పాఠంలో రాల్స్ పక్కనే అంబేద్కర్ ఎందుకు లేడని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను అడగాలి. కమిటీ చెప్పే ప్రతి సవరణా కారణంతో సహా రాతపూర్వకంగా ఉండాలని అడగాలి. తెలుగులో, మరాఠీలో, తమిళంలో వచ్చిన వాదనలు లిటరేచర్ అవునా కాదా తేల్చమనాలి. ప్రాజెక్టుల్లో పనిచేసే స్కాలర్ల పేర్లు ఎక్కడ రావాలో ముందే ఒప్పందం రాసుకోవాలి. ఇవేవీ నిధులు కావాల్సిన పనులు కావు.

పోయిన నెల చుండూరు వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ప్రతిసారీ అడిగినట్టే అడిగారు: "ఏమ్మాయ్, మా కోర్టు పుస్తకం ఎప్పుడొచ్చిద్ది?" వచ్చే ఏడాది తాతయ్యా అన్నాను. పోయిన ఏడాదీ అదే చెప్పాను.

తిరిగొచ్చాక గైడ్ మేడమ్‌ను కలిసి, అంబేద్కర్‌ను రెండో చాప్టర్‌లోనే ఉంచుతున్నానని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ చాప్టర్ ఇంకా బాగా రాయాలి, ఇప్పుడున్నట్టు ఉంటే నేనే ఒప్పుకోను" అన్నారు. పదిహేను పేజీలు తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. కమిటీ మళ్లీ నవంబరులో కూర్చుంటుంది. 1916 నాటి పేపర్ జిరాక్స్ కాపీలు మూడు తీయించి ఫైల్లో పెట్టాను, సభ్యులకు తలా ఒకటి.